మిట్టమధ్యాహ్నం సవారీలు ఆపాలి

గీజా, పెట్రా వెళ్ళే తెలుగు యాత్రికులకూ, వారిని తీసుకెళ్ళే ట్రావెల్స్ వారికీ విజ్ఞప్తి

ఈజిప్టులోని గీజాలో సింహిక (స్ఫింక్స్) విగ్రహం ముంగిట నజ్లెత్ ఎల్ సమ్మాన్ అనే ఊరుంది. పిరమిడ్ల దగ్గర సవారీకి తిరిగే గుర్రాల శాలలు చాలావరకు అక్కడే. ఆ ఊళ్ళో ఎన్నో కుటుంబాలు తరతరాలుగా గుర్రాన్నీ ఒంటెనూ నమ్ముకుని బతుకుతున్నాయి. వేసవిలో అక్కడ పగటి ఎండ 35 డిగ్రీల దగ్గర ఉంటుంది, వడగాడ్పు వీచిన రోజున 40 దాటుతుంది. పిరమిడ్లున్న మిట్ట మీద నీడనిచ్చే చెట్టు ఉండదు. కాళ్ళ కింద ఇసుక, సున్నపురాయి. హోటల్లో ఫలహారం ముగించుకుని, పిరమిడ్లు చూసి, ఫోటోలు దిగేసరికి యాత్రికులు గుర్రమెక్కే వేళ నడినెత్తిన పొద్దుకు సరిపోతుంది. ఆ వేళను నిర్ణయిస్తున్నది ప్యాకేజీ టూరు. కాబట్టి దాన్ని మార్చగలిగేదీ టూరు నడిపేవారే.

ఈ కరపత్రం ముఖ్యంగా అడుగుతున్నది ఇది. ఎండాకాలంలో మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు సవారీలు ఉండకూడదు. 37 డిగ్రీలు దాటితే ఏ వేళలోనైనా ఆపేయాలి.

అరబ్బీ గుర్రం ఎడారిలో పుట్టింది, దానికి ఎండ కొత్తా అని చాలామంది అంటారు. ఆ గుర్రాన్ని పెంచిన ఎడారి సంచారులైన బెదూయిన్లు మాత్రం అలా అనుకోలేదు. దూరప్రయాణాల్లో వాళ్ళు ఒంటెనెక్కి, గుర్రాన్ని పక్కన నడిపించుకుపోయేవారు. దాడి చేసే వేళ వచ్చాకే దాని వీపెక్కేవారు. నీళ్ళు దొరకని చోట దానికి ఒంటెపాలు పట్టేవారు. ఎడారి ఎండలో గుర్రాన్ని ఎంత జాగ్రత్తగా కాచుకోవాలో వాళ్ళకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

గుర్రం ఒళ్ళు చల్లబడేది ప్రధానంగా చెమట వల్లనే. పని చేసేటప్పుడు కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో ఎక్కువ భాగం వేడిగా మారుతుంది. ఎండలో గట్టిగా పరుగెత్తిన గుర్రం గంటకు 10 నుంచి 15 లీటర్ల దాకా చెమట పోస్తుంది. ఆ చెమటలో ఉప్పు దాని రక్తంలో కంటే ఎక్కువ. నీళ్ళతో పాటు ఉప్పు కూడా అంతగా పోవడంతో, ఒళ్ళు ఎండిపోతున్నా దానికి దాహం సరిగా తెలియదు. మామూలుగా దాని ఒంటి వేడి 37.5 నుంచి 38.5 డిగ్రీలు. 41 దాటిందంటే ప్రాణాపాయమే. నీళ్ళు చాలకపోతే పేగుల్లో మేత గట్టిపడి శూల పట్టుకుంటుంది. ఈ నొప్పితో గుర్రాలు చచ్చిపోతాయి కూడా. మామూలు రోజున ఒక గుర్రం 25 నుంచి 50 లీటర్ల నీళ్ళు తాగుతుంది. ఎండలో పని చేస్తే అది దాదాపు రెట్టింపవుతుంది. మధ్యాహ్నపు సవారీల మధ్య అన్ని నీళ్ళు తాగే వ్యవధి దానికి ఎవరిస్తున్నారు?

వేడెక్కిన గుర్రం మీద చన్నీళ్ళు పోస్తే కాళ్ళు పట్టేస్తాయనే భయం ఇప్పటికీ చాలాచోట్ల ఉంది. ఇది తప్పు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కు ముందు జరిగిన పరిశోధనలు, ఒళ్ళంతా చన్నీళ్ళు మళ్ళీ మళ్ళీ పోయడమే గుర్రాన్ని త్వరగా చల్లబరుస్తుందని చూపాయి. అందుకు పిరమిడ్లున్న మిట్ట మీద నీళ్ళుండాలి, నీడ ఉండాలి. ఆ ఏర్పాటు చేయాల్సింది టికెట్ డబ్బు తీసుకునే ప్రభుత్వమే.

గీజా పక్కనే ఉన్న కైరోలో గుర్రాల బాధ కొత్తది కాదు. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక బ్రిటిష్ సైన్యం తన గుర్రాలను వేలల్లో అక్కడే అమ్మేసింది. 1930లో కైరో వచ్చిన బ్రిటిష్ మహిళ డొరొతీ బ్రూక్ ఆ ముసలి గుర్రాలు బండ్లు లాగుతూ కుంగిపోవడం చూసి 1931లో మార్నింగ్ పోస్ట్ పత్రికకు ఉత్తరం రాశారు. పాఠకులు డబ్బు పంపారు. మూడేళ్ళలో ఆమె 5,000 గుర్రాలను కొని విడిపించారు. 1934లో కైరోలోనే ఉచిత పశువైద్యశాల తెరిచారు. ఆమె యజమానులను శత్రువులుగా చూడలేదు. పేదవాడి గుర్రానికి వైద్యం చేస్తే పేదవాడూ నిలబడతాడని నమ్మారు.

ఆ నమ్మకం నేటికీ అవసరం. 2011 విప్లవంతో యాత్రికులు రావడం ఆగిపోయినప్పుడు, దాణా కొనలేక గీజాలో గుర్రాలు ఆకలితో చచ్చిపోయాయి. 2025 ఏప్రిల్‌లో కొత్త ప్రవేశద్వారం, ఎలక్ట్రిక్ బస్సులు ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, గుర్రాలనూ ఒంటెలనూ వేరే చోటికి మారుస్తామన్నప్పుడు వాటి యజమానులు నిరసనకు దిగారు. వాళ్ళ కోపంలో న్యాయముంది. జోర్డాన్‌లోని పెట్రాలో 2021లో గుర్రపు బండ్ల స్థానంలో ఎలక్ట్రిక్ బండ్లు వచ్చాయి. అయినా సవారీ గుర్రాలు, గాడిదలు, ఒంటెలు అక్కడ ఇంకా పనిలోనే ఉన్నాయి. పూర్తి నిషేధం పెడితే గుర్రాన్ని పోషించేవాడే ఉండడు. మధ్యాహ్నం మూడు గంటలపాటు విరామం పెట్టి, ఒకే రేటు టికెట్‌తో సవారీలను ఉదయానికీ సాయంత్రానికీ మారిస్తే ఆదాయం పోదు, గుర్రమూ మిగులుతుంది.

ఇలాంటి నియమాలు ప్రపంచానికి కొత్త కాదు. ఇంగ్లండులోని బ్లాక్‌పూల్ బీచ్ గాడిదలకు 1942 నుంచే భోజన విరామం, వారానికో సెలవు ఉన్నాయి. న్యూయార్క్‌లో 90 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 32 సెల్సియస్ చేరితే గుర్రపు బండ్లు ఆగాలి. గ్రీస్ 2018లో గాడిద మీద 100 కిలోలకు గానీ, దాని బరువులో ఐదో వంతుకు గానీ మించి వేయరాదని ఆదేశించింది. మన దేశంలోనైతే 1965 నాటి కేంద్ర నియమాలు, 37 డిగ్రీలు దాటే చోట్ల మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు బండి లాగే, బరువు మోసే పశువులతో పని చేయించరాదని స్పష్టంగా చెబుతున్నాయి. గీజాకు అడుగుతున్నది అంతకంటే కొంచెమే ఎక్కువ. విశాఖ ఆర్.కె. బీచ్‌లో పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే గుర్రాలకూ ఇదే పాటించాలి.

బరువు సంగతి కూడా చెప్పుకోవాలి. జీనుతో కలిపి గుర్రం బరువులో ఐదో వంతు మించకూడదన్నది అంగీకృతమైన కొలత. గీజాలో కనిపించే గుర్రం 400 కిలోలుందనుకున్నా 80 కిలోలే హద్దు. జీను తీసేస్తే ఎక్కేవారికి మిగిలేది 65, 70 కిలోలు. బక్కగా ఉన్న గుర్రానికి ఇంకా తక్కువ. అంతకు మించినవారు నడవాలి, లేదా బస్సెక్కాలి.

ట్రావెల్స్ వారు చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. పిరమిడ్ల సవారీని ఉదయం తొమ్మిదిలోపు పెట్టండి. మీ బ్రోచర్లో మధ్యాహ్నపు సవారీ ఉండదని అచ్చు వేయండి. వేసవి ఒప్పందాల్లో అక్కడి ఏజెంట్లకు ఇదే షరతు పెట్టండి.

యాత్రికులారా, ఎక్కే ముందు గుర్రం చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. జీను కింద పుండు ఉన్నా, కుంటుతున్నా, నిలబడి ఉండగానే ముక్కుపుటాలు ఎగరేస్తూ రొప్పుతున్నా ఎక్కకండి. ముందు బకెట్ నీళ్ళు పెట్టించండి. గుర్రాన్ని బాగా చూసుకునే యజమానికి బేరమాడకుండా డబ్బివ్వండి. కొరడా ఝళిపించేవాడి గుర్రమెక్కకుండా, ఎందుకెక్కడం లేదో గైడుకు చెప్పండి. ఇంటికొచ్చాక టూరు కంపెనీకి అదే మాట రాసి పంపండి.