గుడ్డు పరీక్ష - వ్యయభారం

సాల్మొనెల్లా సూక్ష్మజీవి సోకిన కోడి పెట్టిన గుడ్డు పైకి నిక్షేపంగానే కనబడుతుంది. అందుకే ఉత్పత్తి కేంద్రాల్లో తనిఖీ అవసరం. ఆ వ్యయాన్ని ఎవరు భరించాలి?

2010లో అమెరికాలోని అయోవా రాష్ట్రానికి చెందిన రెండు సంస్థలు సుమారు 55 కోట్ల గుడ్లను విపణి నుండి వెనక్కు రప్పించవలసివచ్చింది. దాదాపు 2,000 మంది అస్వస్థులయ్యారు. లాభం ఉత్పత్తిదారునిది, రోగం వినియోగదారునిది కావడం న్యాయం కాదు. కనుక తనిఖీ రుసుమును ఉత్పత్తిదారుడే చెల్లించడం సమంజసం.

అయితే రుసుము చెల్లించేవాడు పరీక్షకునికి యజమాని కారాదు. ఆ ఉదంతంతో సంబంధమున్న సంస్థ తనిఖీ అధికారికి లంచమిచ్చినట్లు 2014లో న్యాయస్థానంలో అంగీకరించింది. కాబట్టి రుసుము ప్రభుత్వ ఖజానాకే చేరాలి. అధికారి జీతం అక్కడినుండే అందాలి. గుడ్ల సంఖ్యను బట్టి రుసుము నిర్ణయిస్తే చిన్న రైతు నలిగిపోడు.

ఈ భారం చివరకు కొనేవారిపైనే పడుతుందని కొందరంటారు. నిజమే, ధర కొంత పెరగవచ్చు. కాని వైద్యానికయ్యే ఖర్చు ముందు అది స్వల్పం. గుడ్ల ఉత్పత్తిలో దేశంలోనే అగ్రస్థానం ఆంధ్రప్రదేశ్‌ది. బడిపిల్లల మధ్యాహ్న భోజనంలోనూ గుడ్డు ఉంది. కనుక అయోవా నేర్పిన పాఠం మనకూ వర్తిస్తుంది.