తలపై తట్ట, చేతిలో పలక

ఉత్తర నైజీరియాలోని హౌసా ఊళ్ళలో తలపై తట్టలు పెట్టుకుని వేరుశనగలు, పిండివంటలు అమ్ముతూ ఇల్లిల్లూ తిరిగే ఆడపిల్లలు కనిపిస్తారు. ఈ అమ్మకాన్ని అక్కడ ‘తల్లా’ అంటారు. బడిలో ఉండవలసిన వయసు వారిది. వారిని చూసి, ఆ తల్లిదండ్రులకు చదువంటే గిట్టదని తీర్పు చెప్పేవారు చాలామంది. విషయం అంత తేలికగా తేలేది కాదని మా అభిప్రాయం.

అక్కడి వివాహిత స్త్రీలలో అనేకులు ‘కుల్లే’ అనే ఘోషాను పాటిస్తారు. ఇల్లు గడపడం భర్త బాధ్యత. స్త్రీ సంపాదన మాత్రం ఆమెదే. షరీఅత్ ఆమెకిచ్చిన హక్కు అది. ఆమె ఇంట్లోనే ఉండి నూనె తీస్తుంది, తినుబండారాలు వండుతుంది. వాటిని వీధికి చేర్చే కాళ్ళు కూతురివి. పిల్ల బడికి వెళ్ళిన రోజున తల్లి వ్యాపారం నిలిచిపోతుంది. పైగా ఆ తట్ట సంపాదనతోనే కూతురి పెళ్ళి సామాను, గిన్నెలూ దుస్తులూ, కూడబెట్టాలి. బడి మాని సంపాదించిన సొమ్ము, బడిని శాశ్వతంగా మాన్పించే పెళ్ళికే ఖర్చవుతుందన్నమాట. జహేజ్ లెక్కలు ఎరిగిన మన ఇళ్ళకు ఈ చక్రం కొత్తదేమీ కాదు.

బడి పట్ల అనుమానానికి వేరొక కారణం ఉంది. 1903లో ఆంగ్లేయులు సొకోటో ఖిలాఫత్‌ను జయించారు. వారి చదువుకు ‘బోకో’ అన్న పేరు స్థిరపడింది. అది పిల్లలను దీన్ నుండి దూరం చేస్తుందన్న భయం తరాలు గడిచినా తొలగలేదు. ఆ భయాన్ని ఆయుధంగా మలచుకున్న ముఠా 2014 ఏప్రిల్‌లో చిబోక్ పాఠశాల నుండి 276 మంది బాలికలను ఎత్తుకుపోయింది. ఇస్లాం పేరు చెప్పి చేసిన ఆ దుర్మార్గానికి ఇస్లాంలో ఆధారం వెదకడం వృథా.

నిజానికి ఆంగ్లేయుల రాకకు వందేళ్ళ ముందే ఆ నేలపై ఆడపిల్లల చదువు గురించి గట్టిగా మాట్లాడినవారు ధార్మిక విద్వాంసులే. సొకోటో స్థాపకులు షేక్ ఉస్మాన్ దాన్ ఫోడియో (1754-1817), భార్యాబిడ్డలను అజ్ఞానంలో వదిలి బయటివారికి పాఠాలు చెప్పే పండితులను తీవ్రంగా మందలించారు. ఆ మందలింపు ఆయన ఇంట్లోనే ఆచరణగా మారింది. 1793లో జన్మించిన కుమార్తె నానా అస్మా అరబ్బీ, ఫుల్‌ఫుల్దే, హౌసా భాషలలో కవిత్వం వ్రాసిన విదుషీమణి.

ఆమె చేసిన పని గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి. యుద్ధాలు ముగిసిన తర్వాత పల్లెల నిండా ఇస్లాం గురించి అంతంతమాత్రమే తెలిసిన స్త్రీలున్నారు. వారిలో ఇల్లు దాటి రాలేనివారే ఎక్కువ. అందుకని నానా అస్మా ఊరూరా కొందరు పెద్ద స్త్రీలను ఎంపిక చేసి ‘జాజి’లుగా నియమించారు. బిడిదారుల నాయకుడికి వాడే మాట అది. జాజి వెంట ప్రయాణానికి అడ్డులేని నడివయసు స్త్రీలూ, పెళ్ళికాని బాలికలూ గుంపుగా సొకోటోకు నడిచి వచ్చేవారు. ఈ బృందాలకు ‘యన్ తారు’ అని పేరు. నమాజు, ఉపవాసం, ప్రవక్త (సఅసం) జీవితం వంటి విషయాలను ఆమె పద్యాలుగా అల్లి వారికి కంఠస్థం చేయించేవారు. వారు తిరిగి వెళ్ళి ఘోషాలో ఉన్న తల్లులకు చరణం చరణం విడమరచి చెప్పేవారు. జాజి గుర్తుగా ‘మల్ఫా’ అనే గడ్డి టోపీని, దానికి చుట్టే ఎర్రని వస్త్రాన్ని ఇచ్చేవారు. ఒకప్పుడు ఆ టోపీ భూతారాధన చేసే బోరీ స్త్రీ నాయకురాలి చిహ్నం! దానిని నిషేధించక గురువు తలపై పెట్టడంలోని వివేకం మమ్మల్ని అబ్బురపరుస్తుంది.

ఘోషా మీద యుద్ధం ప్రకటించకుండానే చదువును ఘోషా లోపలికి నడిపించారామె. 1864లో ఆమె మరణించిన తర్వాత కూడా ఆ బృందాలు కొనసాగాయి.

నేడు వాదమంతా పెళ్ళి వయసు చుట్టూ తిరుగుతున్నది. 2003 నాటి బాలల హక్కుల చట్టం 18 ఏళ్ళని నిర్ణయించింది. దానిని తమ శాసనంగా చేసుకోవడానికి ఉత్తరాది రాష్ట్రాలలో పలు ఏళ్ళ తరబడి వెనుకాడాయి. యుక్తవయసు వస్తే చాలన్నది అభ్యంతరం చెప్పేవారి వాదన. అయితే అనాథకు ఆస్తి అప్పగించే ముందు వివేకం వచ్చిందో లేదో పరీక్షించమని సూరా నిసా ఆదేశిస్తున్నది. ఆస్తికి అవసరమైన వివేకం సంసారానికి అక్కరలేదా? అనుమతి ఉన్న ప్రతిదీ ఆజ్ఞ కాదు. పద్నాలుగేళ్ళ పిల్లను కాన్పు గదికి పంపే తొందరకు దీన్‌ను సాక్ష్యంగా పిలవడం మాకు సమ్మతం కాదు.

1985లో ఏర్పడిన నైజీరియా ముస్లిం మహిళా సంఘాల సమాఖ్య, ‘ఫోమ్వాన్’, బడులు నడుపుతున్నది. ఖుర్ఆన్‌తో పాటు లెక్కలూ ఇంగ్లీషూ నేర్పే ఇస్లామియ్యా పాఠశాలలు కూడా పెరిగాయి. బోకోను నమ్మని తండ్రి వీటిని నమ్ముతాడు. తల్లి వండిన సరుకును కూతురు కాక మరెవరు బజారుకు చేర్చాలన్న ప్రశ్న మాత్రం ఇంకా మిగిలే ఉంది. కానో నగరంలో వివాహిత స్త్రీలకూ ఇస్లామియ్యా తరగతులు జరుగుతున్నాయి. బాల్యంలో చదువుకోలేకపోయిన తల్లులు, చంటిబిడ్డలను వీపున కట్టుకుని, అక్కడికి వచ్చి కూర్చుంటున్నారు.