మడుగు లేని మొసలి

మొసలి యనగానే మనుష్యులను మ్రింగు క్రూరజంతువు మనస్సున మెదలును. చైనాదేశమున యాంగ్‌ట్సీ నదీప్రాంతమందలి చిన్న మొసలి అట్టిది కాదు. దాని పొడవు సాధారణముగా 2 మీటర్లకు మించదు. అది నత్తలను, చేపలను భుజించును. చలికాలమంతయు బొరియలో నిద్రించును.

ఇట్టి ప్రాణికి ఆపద యేల కలిగెను? దాని చిత్తడినేలలు వరిమళ్లుగా మారెను. బొరియల వలన గట్లు తెగి నీరు పోవుచున్నదని రైతులు దానిని చంపిరి. రైతు కోపము నిష్కారణము కాదు. కాని గట్టు కట్టుటకు ముందు ఆ నేల మొసలిదే కదా! 1999 నాటి గణనలో సహజస్థితి నున్నవి 150కి లోపుగనే తేలెను.

అన్‌హుయి రాష్ట్రమున 1979లో నెలకొల్పిన సంరక్షణ కేంద్రమున నేడు వేలకొలది మొసళ్లు పెరుగుచున్నవి. ఇది శ్లాఘనీయమే. అయినను ఆ సంఖ్యను చూచి తృప్తి చెందరాదు. వైద్యశాల ఎంత మంచిదైనను ఇల్లు కాజాలదు. 2003 మొదలు కొన్నింటిని తిరిగి మడుగులలో విడుచుట సరియైన మార్గము. రైతునకు కలుగు నష్టమును తీర్చి, మొసలికి మడుగును మిగిల్చిననే ఆ శ్రమ ఫలించును. ప్రాణిని రక్షించుట యనగా దాని నివాసమును రక్షించుటయే.