దసరా సెలవులు – చేతిపని

శరత్కాలము కృష్ణా తీరమున మిక్కిలి మనోహరముగ నుండును. వానలు వెనుకబడును. కాలువలు నిండుగ పాఱుచుండును. లంకలలో రెల్లు తెల్లగ పూచును. ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి నుండి దశమి వఱకు విజయవాడలోని ఇంద్రకీలాద్రి జనసముద్రమగును. కనకదుర్గమ్మ దినమున కొక యలంకారముతో దర్శనమిచ్చును. మూలా నక్షత్రమునాడు సరస్వతీ రూపమున నున్న తల్లిని చూచుటకు విద్యార్థులు బారులు తీరుదురు. పాఠశాలలకు సెలవులు. ఈ సెలవులను మన కుటుంబములు ఎట్లు గడుపుచున్నవి? ఎట్లు గడుపుట మేలు? ఈ విషయమును గూర్చి నా యభిప్రాయమును మీకు చెప్పదలచితిని.

నేటి పండుగ చాలవఱకు అంగడి నుండి వచ్చుచున్నది. వేషము అద్దెకు దొరకును. పిండివంటలు పెట్టెలలో దొరకును. బొమ్మలు, తోరణములు, దీపములు యంత్రములలో తయారై వచ్చును. డబ్బు చెల్లించినచో గడియలో పండుగ సిద్ధము. అద్దె వేషము ధరించి, ఫొటో తీయించుకొని, సాయంకాలమునకు దానిని తిరిగి ఇచ్చివేయు బాలునకు ఆ వేషమును గూర్చి తెలిసిన దేమి? కొనుట తప్పని నేననను. కాని అది చాలదని నా మతము. పండుగను చేతులార చేసికొన్నవానికి కలుగు జ్ఞానము, కొని తెచ్చుకొన్నవానికి కలుగదు.

పూర్వము మన పల్లెలలో దసరా యనగా బడిపిల్లల పండుగ. పంతులుగారు పిల్లలను వెంటబెట్టుకొని ఇంటింటికి పోయెడివారు. పిల్లలు వెదురుబద్దలతో విల్లంబులు చేసి, వానికి రంగుకాగితములు అతికించి, పూలతో అలంకరించి తెచ్చెడివారు. గృహస్థులు పంతులుగారికి కానుకయు, పిల్లలకు పప్పుబెల్లములును ఇచ్చెడివారు. ఆ వాడుక నేడు మాసిపోయినది. ఉపాధ్యాయుడు జీవనమునకై ఇంటింటి కానుకపై ఆధారపడుట మంచిది కాదు గనుక, అది మాసిపోవుట మేలే. కాని దానితోపాటు వెదురును చీల్చి, వంచి, నారి కట్టు నేర్పుకూడ పోయినది. ఆ నేర్పు పోవలసిన పని లేదు.

చేతిపని వలన పిల్లల కేమి లభించునో తెలుపుటకు నేనెఱిగిన యొక కుటుంబమును గూర్చి చెప్పెదను. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి, విజయవాడలోని సింగ్ నగర్ మొదలగు పేటలను ముంచివేసెను. ఆ దినములలోనే ప్రకాశం బ్యారేజివద్ద కృష్ణకు 11 లక్షల క్యూసెక్కులకు మించిన వఱద వచ్చెను. నీట మునిగిన యిండ్లలో ఈ కుటుంబము వారి యిల్లొకటి. తల్లి, తండ్రి, నాయనమ్మ, ఎనిమిదవ తరగతి చదువు బాలిక, అయిదవ తరగతి చదువు బాలుడు అందుండిరి. నాయనమ్మ కాపురమునకు వచ్చిన నాటి నుండి కూర్చుకొన్న కొండపల్లి బొమ్మల పెట్టె నీటిలో నానిపోయెను. బొమ్మల రంగులు లేచిపోయెను, అతుకులు ఊడిపోయెను. నెల తిరుగగనే దసరా వచ్చెను. క్రొత్త బొమ్మలు కొనుటకు ఇంట ధనము లేదు. “ఈ యేటికి బొమ్మల కొలువు వద్దులే” అని నాయనమ్మ అనెను. “మనమే బాగుచేసికొందము, నాయనమ్మా!” అని పిల్లలు పట్టుపట్టిరి.

తండ్రి వారిని బస్సులో కొండపల్లికి తీసికొనిపోయెను. అది విజయవాడకు సమీపముననే కలదు. దారిలో తినుటకు పులిహోర కట్టుకొనిరి. ప్రయాణమునకు పులిహోర నేల కట్టుకొందురో ఎఱుగుదురా? చింతపండు పులుపువలన, నూనెవలన అన్నము త్వరగ పాడుకాదు. ఆ పులిహోరకు చింతపండు పిసికి గింజలు తీసినది బాలుడే. ఆ గింజలను అతడు వామనగుంటల ఆటకు దాచుకొనెను.

కొండపల్లిలో ఒక శిల్పి వారికి తన పని చూపెను. బొమ్మకు వాడునది తెల్లపొణికి కఱ్ఱ. అది తేలికయైనది, మెత్తనిది. దానిని చక్కగ ఆరనిచ్చి, చేతులు, కాళ్లు, తల వేఱువేఱుగ చెక్కుదురు. చింతగింజల పొడితో చేసిన జిగురులో రంపపుపొట్టు కలిపి మక్కు సిద్ధము చేయుదురు. దానితో అంగములను అతికింతురు. పైని సున్నపు పూత పూసి, ఆరిన పిమ్మట సన్నని కుంచెలతో రంగులు వేయుదురు. అంబారీ యేనుగు, తాడిచెట్టు, ఎద్దులబండి, దశావతారములు అన్నియు ఈ విధముననే పుట్టుచున్నవి. “చింతగింజలా? అవి మా యింటనే యున్నవి!” అని బాలుడు ఎగిరి గంతులువేసెనట.

ఇంటికి వచ్చి పిల్లలు గింజలను వేయించి, పొట్టు తీసి, దంచి, జిగురు కాచిరి. మొదటిసారి అది పలుచనైనది. అతికించిన మావటివాని చెయ్యి రాలిపడినది. రెండవనాడు చిక్కగ కాచిరి, అతుకు నిలిచినది. రంగు వేయునప్పుడు చేయి తిరుగక మావటివాని మీసము ఒకవైపు పైకి, ఒకవైపు క్రిందికి పోయినది. అయినను ఆ యేటి కొలువులో పైమెట్టుమీద అతనినే నిలిపిరి. పేరంటమునకు వచ్చినవారందఱు మొదట అతనినే చూచి నవ్విరి.

ఇక వేషముల సంగతి. నాట్యశాస్త్రమున అభినయము నాలుగు విధములని చెప్పబడినది: ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము. వస్త్రములు, భూషణములు, ముఖమునకు పూయు రంగులు ఆహార్యమున చేరును. వేషము కేవలము గుడ్డ కాదు, అదియు అభినయమే. దీనిని కన్నులార తెలిసికొనవలెనన్న కూచిపూడికి పోవలెను. విజయవాడ నుండి బందరు పోవు మార్గమున పామఱ్ఱు చేరి, అచ్చటి నుండి దక్షిణముగ పోయిన ఆ గ్రామము వచ్చును. సిద్ధేంద్రయోగి భామాకలాపమును రచించి, అచ్చటి వారిచే ఆడించెనని ప్రతీతి. అచ్చట పూర్వము స్త్రీ పాత్రలను పురుషులే ధరించెడివారు. 2012లో కీర్తిశేషులైన వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామ వేషమున రంగస్థలము నెక్కినచో, ఆయన పురుషుడను మాట ప్రేక్షకులు మఱచెడివారు. నటులు ధరించు నగలను పూర్వము తేలికయైన కొయ్యతో చేసెడివారు. కూచిపూడి భాగవతులు పగటి వేషములు కూడ కట్టెడివారు. అందు అర్ధనారీశ్వర వేషము ప్రసిద్ధము. ఒకే నటుడు ఒకవైపు శివుడు, ఒకవైపు పార్వతి. తెఱ చాటున ఒక సగమును దాచి, రెండవ సగమును చూపుచు ఆడును.

బాలుడు ఆ వేషమునే కోరెను. నాయనమ్మ పాతచీర సగము, తండ్రి పాతపంచె సగము. అట్టముక్కతో సగము కిరీటము, జనపనారతో సగము జడలు. బాలిక కొలతలు తీసి కత్తిరించెను. తల్లి కుట్టు చూపెను. బాలుడే సూది పట్టెను. ముఖమున సగమునకు పసుపు, సగమునకు విభూతి. పార్వతి నడక యెట్లు, శివుని నడక యెట్లు అని అతడు మూడు దినములు నేర్చుకొనెను. అద్దె వేషమైనచో ఈ ప్రశ్న అతనికి పుట్టియుండునా?

ఆ సెలవులలోనే వారు బందరు సమీపమున నున్న పెడనకు పోయిరి. కలంకారీ యను పేరు కలము నుండి వచ్చినను, పెడనలో టేకుకఱ్ఱ అచ్చులతో గుడ్డలపై అద్దకము చేయుదురు. గుడ్డను ముందు కరక్కాయ కలిపిన ద్రవములో ముంచి ఆరవేయుదురు. ఇనుపముక్కలను బెల్లపునీటిలో కొన్ని వారములు నానవేసి ఒక ద్రవము చేయుదురు. కరక్కాయ పట్టిన గుడ్డపై ఆ ద్రవము తగిలినచోట నలుపు తేలును. పటిక అద్దినచోట ఎఱ్ఱరంగు నిలుచును. దగ్గునకు నాయనమ్మ బుగ్గను పెట్టుకొను కరక్కాయ, పాయసములో వేయు బెల్లము, పులిహోరలోని చింతపండు గింజ – ఇవే శిల్పుల చేతులలో రంగులును, జిగురును అగుచున్నవి. వంట వేఱు, శిల్పము వేఱు, ప్రయాణము వేఱు అని మనము తలచుచున్నాము. ఆ పిల్లలకు ఇవి మూడును ఒకే పాఠముగ దొరకినవి.

ఇందుకు కొందఱు ఆక్షేపణలు చెప్పుదురు. వానిని కూడ విచారింతము.

“ఇంట చేసికొనుటకు తీరిక యెక్కడిది?” అని మొదటి యాక్షేపణ. ఇది నిజమైన కష్టము. మన యిండ్లలో “ఇంట చేసినది” అనగా తఱచుగ “అమ్మ చేసినది” అని యర్థము. తెల్లవాఱకముందే లేచి ఆమె గారెలకు పిండి రుబ్బును. తక్కినవారు పండుగ చేసికొందురు. అట్టి పండుగ కంటె అంగడిలో కొనుటయే న్యాయము. ఇంట పండుగ చేయవలెనన్న, ఇంటిలోని వారందఱి చేతులు పడవలెను. కొబ్బరి కోరుట, పప్పు కడుగుట, పాత్రలు తోముట బాలురకు రాని విద్యలు కావు. గరిట పట్టిన బాలుని గౌరవము తగ్గదు. పది వంటకములు అమ్మ యొక్కతె చేయుటకంటె, రెండు వంటకములు అందఱు కలిసి చేయుట మేలు.

“అందఱు ఇంటనే చేసికొన్నచో శిల్పి బ్రతుకు టెట్లు?” అని రెండవ యాక్షేపణ. ఇది తలక్రిందులైన మాట. మఱుసటి యేడు ఆ కుటుంబము ఎద్దులబండి బొమ్మ కొనుటకు మరల కొండపల్లికి పోయెను. తండ్రి బేరమాడబోగా బాలిక, “నాన్నా, వద్దు. ఒక్క చెయ్యి అతికించుటకు మనకు రెండు దినములు పట్టినది కదా!” అనెను. ఒక బొమ్మను తాను చేయబోయి విఫలుడైనవాడే శిల్పి చేతి విలువ నెఱుగును. నేడు తెల్లపొణికి కఱ్ఱ సులభముగ దొరకుట లేదు. శిల్పుల బిడ్డలు కొందఱు వేఱు ఉద్యోగములకు పోవుచున్నారు. యంత్రముతో చేసిన చౌక బొమ్మకును, చేతి బొమ్మకును భేద మెఱుగని కొనుగోలుదారులు పెరిగినచో ఆ విద్య నిలువదు. ఆ భేద మెఱిగినవారు మీలో నుండియే పుట్టవలెను.

మూడవది: ఇంట చేయదగినవి కొన్ని, చేయరానివి కొన్ని. పూర్వము మన పల్లెలలో దీపావళికి చిచ్చుబుడ్లు, మతాబులు ఇంటనే కూరెడివారు. అది ప్రాణాపాయకరము, దానిని మీ రనుకరింపరాదు. పూర్వపు నటులు ముఖమునకు పూసికొన్న అర్దళము కూడ విషపదార్థమే. పాతది గనుక మంచిదనుట తగదు. పెద్దల నడిగి, మంచిచెడ్డలు విచారించి చేయవలెను.

బాలబాలికలారా! మీ తాతలవలె సమస్తమును ఇంటనే చేయుడని నేను చెప్పుట లేదు. రాబోవు దసరాకు ఒక్క వస్తువును మీ చేతులతో చేయుడు. అది వెదురు విల్లు కావచ్చును, అట్ట కిరీటము కావచ్చును, ఒక గిన్నెడు పులిహోర కావచ్చును. అందు వాడిన ప్రతి పదార్థము ఎచ్చటి నుండి వచ్చినదో విచారింపుడు. వీలైనచో, దానిని నేర్పుతో చేయువారి ఊరికి ఒక్కదినము పోయి, వారి పనిని నిలుచుండి చూడుడు. మీరు చేసినది వంకరగ నుండవచ్చును. అయినను దానిని కొలువులో పెట్టుటకు సిగ్గుపడకుడు.