ఆటల పీరియడ్ కంటికీ కావాలి

వజ్రపుకొత్తూరు మండలం అక్కుపల్లి తీరంలో మిట్టమధ్యాహ్నం ఇసుకలో నడిచొచ్చి తాటాకింట్లో అడుగుపెడితే కాసేపు ఏమీ కనపడదు. తర్వాత మంచం, కుండ ఒక్కొక్కటిగా తేలతాయి, గోడవార కూర్చున్న ముసలమ్మ కూడా. ఆ కాసేపట్లో కంటి లోపల వెనకవైపున్న పొర, రెటీనా, తన విద్యుత్ దారులను తానే మార్చుకుంటుంది. ఆ మార్పును నడిపే రసాయనాల్లో ముఖ్యమైనది డోపమైన్.

ఆ పేరు వింటే మెదడు, ఆనందం, సెల్‌ఫోన్ గుర్తొస్తాయి. కానీ అది కంట్లోనూ తయారవుతుంది. వెలుతురు పెరిగితే రెటీనాలోని కొన్ని అమాక్రిన్ కణాలు దాన్ని ఎక్కువగా వదులుతాయి. మసక వెలుతురులో పక్కపక్క కణాలు చేతులు పట్టుకున్నట్టు విద్యుత్తును పంచుకుంటాయి. డోపమైన్ ఆ పట్టు సడలిస్తుంది. చీకటిచూపునిచ్చే దండ కణాల జోరు తగ్గి, రంగులను, అంచులను పట్టే శంకు కణాలది పైచేయి అవుతుంది.

గుండెకు ఈసీజీ ఉన్నట్టే రెటీనాకు ఈఆర్‌జీ ఉంది. రెటీనాలో మాత్రమే డోపమైన్ లేకుండా చేసిన చిట్టెలుకల్లో వెలుతురులో తీసిన ఈఆర్‌జీ అలలు చిన్నబోయాయని 2012లో తేలింది. డోపమైన్ తగ్గిపోయే పార్కిన్సన్స్ రోగుల్లోనూ ఈ అలలు తగ్గుతాయి.

పలాస, టెక్కలి తల్లిదండ్రులకు ఇదంతా ఎందుకంటే, పిల్లల హ్రస్వదృష్టి కోసం. కళ్లకు మసక గంతలు కట్టిన కోడిపిల్లల్లో హ్రస్వదృష్టిలో లాగే కనుగుడ్డు పొడవు సాగింది, రెటీనాలో డోపమైన్ తగ్గింది. ఎక్కువ వెలుతురులో ఉంచితే ఆ సాగుడు నెమ్మదించింది; డోపమైన్‌ను అడ్డుకునే మందు వేస్తే ఆ మేలు పోయింది. మనిషి కంట్లోనూ ఇదే కారణమని ఇంకా రుజువు కాలేదు. ఆరుబయట గడిపితే మేలని మాత్రం రుజువైంది. చైనాలోని గ్వాంగ్‌జౌ బడుల్లో రోజూ 40 నిమిషాలు అదనంగా పిల్లల్ని ఆరుబయటికి పంపారు. మూడేళ్లలో అక్కడ కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవాళ్లు 30.4 శాతం, మామూలు బడుల్లో 39.5 శాతం. 2015లో వచ్చిన ఫలితాలివి.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో మొదలైన కంటి వెలుగు పథకం బడిపిల్లల కళ్లు పరీక్షించి అద్దాలిచ్చింది. మంచి పని. అద్దాల అవసరాన్ని ఆలస్యం చేయడం ఇంకా మంచి పని. దానికి ఆరుబయట ఆటలు కావాలి. బడి పరీక్షల పేరుతో ఆటల పీరియడ్‌ను లెక్కలకో, సైన్సుకో ఇచ్చేయడం చదువుకు మేలని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు.

కిడ్నీ జబ్బులు పీడిస్తున్న మన ఉద్దానంలో పిల్లల్ని మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలబెట్టమని ఎవరూ చెప్పరు. ఆ అవసరమూ లేదు. తరగతి గదిలో వెలుతురు కొన్ని వందల లక్స్. పగటిపూట కొబ్బరితోట నీడలో అంతకు ఎన్నోరెట్లు ఉంటుంది. తోటలు ఊరి చుట్టూ ఉన్నాయి. హెడ్‌మాస్టర్లూ, ఆ పీరియడ్ పిల్లలకు తిరిగి ఇచ్చేయండి. తాగడానికి మంచినీళ్ల సీసా చేతికిచ్చి బయటికి పంపండి.