సీటు ఇచ్చి మెట్లు అడ్డం పెడితే చదువు ఎట్లా?

పెన్షన్ కోసం మన వికలాంగులు రోడ్డెక్కి చాలా ఏండ్లయింది. దండోరా ఉద్యమం నడిపిన మంద కృష్ణ మాదిగే వికలాంగుల హక్కుల పోరాట సమితిని కూడా నడిపి, చంకకర్రల వాళ్లను, చూపు లేని వాళ్లను వేలల్లో కదిలించారు. మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి ఆ పెన్షన్ నెలకు 6000 రూపాయలయింది. అది ఎవరి దయా కాదు, కొట్లాడి తెచ్చుకున్నది. అయితే పెన్షన్ మనిషిని ఇంట్లో బతికిస్తుంది. యూనివర్సిటీ గేటు దాటించి తరగతి గదిలో కూర్చోబెట్టే హక్కు వేరే ఉంది. దాని కోసం మన సంఘాలు ఇంకా గట్టిగా గొంతెత్తాల్సి ఉంది.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే కరువు గడ్డ మనది. ఇక్కడ అవిటితనం పూర్వజన్మ పాపం వల్ల రాలేదు. ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు వంగిన ఊర్లున్నాయి. చుక్కల మందు అందని కాలంలో పోలియో వచ్చి కాళ్లు చచ్చుబడినోళ్లున్నారు. శెనక్కాయ పంట ఎండిపోయి, బెంగుళూరికి కూలికి పోయి, కట్టే మిద్దె మీదినుంచి పడి నడుము విరిగినోళ్లున్నారు. మాల మాదిగల పుట్టుకకు ఏ కర్మ కథ చెప్పినారో, చూపు లేని పుట్టుకకూ అదే కథ చెప్పినారు. రెండింటినీ కలిపి మోసే బిడ్డ మన గేరిలోనే ఉంది.

ఆ బిడ్డలు చదువుకున్నారు. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి మొదలుపెట్టిన ఆర్డీటీ చూపు లేని, వినపడని పిల్లలకు బడులు పెట్టింది, పల్లెల్లో వికలాంగుల సంఘాలు కట్టించింది. పెద్ద చదువులకు అనంతపురంలోనే 1981 నుంచి శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ, 2008 నుంచి జేఎన్‌టీయూ, 2018 నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. పది, ఇంటరు దాటిన బిడ్డ ఈ గేట్ల దగ్గరికొచ్చి నిలబడింది. మరి లోపలికి పోయేదెట్లా?

దేశంలో ఏ కాలేజీలో చదివే వికలాంగ విద్యార్థిని అడిగినా ఇంచుమించు ఒకే కథ చెబుతాడు. క్లాసు రెండో అంతస్తులో ఉంటుంది, లిఫ్టుకు తాళం ఉంటుంది. హాస్టల్లో కింది గది అడిగితే సీనియర్లకు ఇచ్చేశాం అంటారు. పరీక్ష రాసిపెట్టే మనిషి కోసం పరీక్ష రోజు పొద్దున దాకా తిప్పుతారు. పుస్తకాన్ని ఫోటో తీసి పంపుతారు, దాన్ని కంప్యూటరు చదివి వినిపించలేదు. వినపడని పిల్లోడు ముందు బెంచీలో కూర్చుని మాస్టారి పెదాలకేసి చూస్తుంటే, మాస్టారు బోర్డు వైపు తిరిగి పాఠం చెబుతాడు. అందరూ అయ్యో పాపం అంటారు. ఒక్కరూ తాళం తీయరు.

పేర్లు మార్చడంలో మాత్రం మనవాళ్లు గట్టివాళ్లు. ఒకప్పుడు మనల్ని హరిజనులన్నారు, దేవుడి బిడ్డలన్నారు, ఆ దేవుడి గుడిలోకి రానీలేదు. 2015 డిసెంబరులో ప్రధాని వికలాంగులను దివ్యాంగులనమన్నారు. అంగంలో దివ్యత్వం వెతికే ముందు మెట్ల పక్కన ఒక వాలుబాట కట్టమని మేమడుగుతున్నాం. మనకు కావాల్సింది బిరుదు కాదు, దారి.

ఆ దారి చట్టంలో ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. 1995 నాటి పాత చట్టంలో చదువుకు 3 శాతం సీట్లుండేవి. ఇప్పుడు ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థలు కనీసం 5 శాతం సీట్లు ఇయ్యాల, వయసులో 5 ఏండ్ల సడలింపు ఇయ్యాల. దీనికి 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాల. సీటుతో పని అయిపోలేదు. తగిన వెసులుబాటు ఇవ్వకపోవడం కూడా వివక్షే అని ఆ చట్టమే చెప్పింది. వెసులుబాటంటే ఊరికే మార్కులు కలపడం కాదు, అడ్డం తీసేయడం. పరీక్షలో గంటకు కనీసం 20 నిమిషాలు ఎక్కువ ఇవ్వాలని కేంద్రం 2013లోనే చెప్పింది, 2018లో మళ్లీ చెప్పింది. అంటే 3 గంటల పరీక్షకు ఇంకో గంట. చెయ్యి సరిగా రాయలేని వికాస్ కుమార్ కేసులో 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు ఇంకో మాట కూడా తేల్చింది: 40 శాతం లేదనే కారణంతో స్క్రైబును కాదనడానికి వీల్లేదు. నలుగురి ముందు వికలాంగుణ్ణి కావాలని అవమానిస్తే 6 నెలల నుంచి 5 ఏండ్ల దాకా జైలు. కులం పేరుతో తిట్టినవాడికి 1989 నాటి అట్రాసిటీ చట్టం పెట్టిన శిక్ష కూడా ఇంతే కదా!

ఇవన్నీ కాగితం మీది మాటలేనా అంటారేమో. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో సేద్యగాళ్ల ఇంట్లో పుట్టిన శ్రీకాంత్ బొల్లాను చూడండి. పుట్టుకతోనే చూపు లేదు. పదిలో 90 శాతం దాటి మార్కులొచ్చినా, ఇంటర్లో సైన్సు ఇయ్యమన్నారు. టీచరమ్మ తోడు నిలబడింది, కోర్టుకు పోయినారు, ఆరు నెలలకు గెలిచినారు. 98 శాతం తెచ్చుకున్నాడు. ఇక్కడ ఐఐటీ కోచింగు వాళ్లు చేర్చుకోకపోతే అమెరికాలో ఎమ్‌ఐటీకి పోయి చదివి, తిరిగొచ్చి ఫ్యాక్టరీ పెట్టినాడు. ఆ పిల్లోడు తెలివైనోడు, నిజమే. కానీ తోడు ఒకరు లేకుంటే ఆ తెలివి ఊర్లోనే మగ్గిపోయేది.

మన బిడ్డలకు ఇంకో చిక్కుంది. ఎస్సీ సర్టిఫికెట్టా, వికలాంగ సర్టిఫికెట్టా, ఏదో ఒకటి పెట్టుకో అని కౌంటరు దగ్గర గుమాస్తా అంటే నమ్మొద్దు. 1992 మండల్ తీర్పు ప్రకారం కులం కోటా నిలువు గీత, వికలాంగుల కోటా అడ్డ గీత. రెండు గీతలు కలిసే చోటే మన బిడ్డ ఉంది. రెండు సర్టిఫికెట్లూ పెట్టాల. కులం, ఆడపుట్టుక, వైకల్యం కలిసి ఒక మనిషిని ఎట్లా నలుపుతాయో, మన రాష్ట్రం నుంచే పోయిన ఒక కేసులో 2021 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు వివరంగా రాసింది.

కాబట్టి సంఘాలు చేయాల్సిన పని ఇది. సదరం క్యాంపుకు సచివాలయంలో స్లాటు పెట్టించి సర్టిఫికెట్ ఇప్పించండి. అడ్మిషన్ రోజే ఏమేం కావాలో కాగితం మీద రాయించండి: కింది గది, వాలుబాట, స్క్రైబు, అదనపు సమయం, కంప్యూటరు చదవగలిగే పాఠం. నోటిమాట నమ్మొద్దు. రెండో కాపీ మీద తేదీ, ముద్ర వేయించుకోండి. ప్రతి ప్రభుత్వ సంస్థలో ఫిర్యాదులు వినే అధికారి ఉండాలని చట్టం. ఫిర్యాదు నమోదైన రెండు వారాల్లో విచారించాల. అక్కడ తేలకుంటే జిల్లా కమిటీ ఉంది, రాష్ట్రంలో వికలాంగుల కమిషనర్ ఉన్నారు. ఎన్ని సీట్లు నింపినారు, ఎన్ని మిగుల్చుకున్నారు అని 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబు చెప్పి తీరాల.

1923లో బొంబాయి శాసనమండలి చెరువులు, బావులు అందరివీ అని తీర్మానించింది. మరుసటి ఏడు మహద్ మునిసిపాలిటీ కూడా ఒప్పుకుంది. అయినా 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో నడిచిపోయి దోసిలి పట్టేదాకా ఆ చెరువు నీళ్లు మన గొంతు తడపలేదు. చట్టం చెరువు లాంటిది. నిండుగా ఉంటే చాలదు, గుంపుగా పోయి తాగాల. ఈ ఏడు మీ గేరిలో ఏ బిడ్డకు సీటు వచ్చిందో కనుక్కోండి. అర్జీ ఇవ్వడానికి ఒంటరిగా పంపొద్దు. సంఘమంతా వెంట పోదాం.

జై భీమ్!