ఆరోగ్య వేదిక: ఊపిరి సంగతులు

గత సంచికలో గుండెను గురించి ముచ్చటించుకున్న పిమ్మట పలువురు పాఠకులు, ముఖ్యంగా గృహిణులు, ఊపిరితిత్తులను గురించి కూడా వ్రాయవలసిందిగా కోరారు. ఈ విషయం నాకు మరింత సన్నిహితమైనది. నేను పుట్టి పెరిగినది ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో. ఊపిరిని గురించిన తొలి పాఠాలు నేను పుస్తకాలలో కాక ఆ ఊరి పొగలోను, మా తండ్రిగారి దగ్గులోను నేర్చుకున్నాను.

బెంగాల్ నాగపూర్ రైల్వే వారు అక్కడ కార్ఖానా నెలకొల్పిన నాటి నుండి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల కుటుంబాలు ఎన్నో వలసవెళ్ళి ఆ ఊరినే తమ ఊరు చేసుకున్నాయి. నేటికీ నిమ్‌పురా, మథురాకాటి వీధులలోను, గోల్‌బజారు అంగళ్ళలోను మన భాష వినిపిస్తూనే ఉంటుంది. నా చిన్ననాట శీతకాలపు సాయంకాలాలలో ప్రతి ఇంటి ముంగిట బొగ్గుల పొయ్యి రాజేసేవారు. మంచు కురిసే వేళ ఆ పొగ పైకి పోక వీధిలోనే పరచుకునేది. మా తండ్రిగారు కార్ఖానాలో కమ్మరి పని చేసేవారు. పైగా బీడీ అలవాటు. తెల్లవారుజామున ఆయన దగ్గు విని మేము నిద్ర లేచేవారము. దానిని రోగమని ఎవరము అనుకోలేదు, ఇంటి గడియారమనుకున్నాము. ఆ సంగతికి మరల వస్తాను.

మన భాషలో ఈ అవయవానికి పేరు పెట్టినవారెవరో గాని, పనితీరు తెలిసి పెట్టారు. కమ్మరి కొలిమి వద్ద ఉండే తోలుతిత్తిని చూడండి. తిత్తి తనంతట తాను గాలిని పీల్చుకోదు. చేయి దానిని విప్పదీసినప్పుడు లోపల ఏర్పడే చోటులోనికి గాలి చొరబడుతుంది. ఊపిరితిత్తులు కూడ అంతే. వాటిని సాగదీసే కండరాలు వాటిలో లేవు. ఛాతీకి, కడుపుకు నడుమ గొడుగువలె అమరి ఉన్న ఉదరవితానం అనే కండరం క్రిందికి దిగి, ప్రక్కటెముకలు పైకి లేచినప్పుడు ఛాతీ విశాలమవుతుంది. దానితోపాటు తిత్తులు సాగుతాయి. ముక్కు గుండా గాలి లోనికి వస్తుంది. విశ్రాంతిలో ఉన్నప్పుడు గాలిని వెలుపలికి పంపడానికి ప్రత్యేక శ్రమ ఏమీ అక్కరలేదు. సాగిన రబ్బరు వలె తిత్తులు తమకు తామే ముడుచుకుంటాయి. ఈ ముడుచుకునే గుణం చెడినప్పుడు ఏమవుతుందో ముందు ముందు చూడగలరు.

లోనికి వచ్చిన గాలి వాయునాళం గుండా రెండు శాఖలుగా చీలి, ఆ శాఖలు మరల మరల చీలుతూ, సుమారు 23 పర్యాయాలు విభజన పొంది, వాయుగోణులనే సూక్ష్మమైన బుడగలను చేరుతుంది. పెద్ద జంక్షనులో ఒక పట్టా రెండై, రెండు నాలుగై యార్డు అంతటా వ్యాపించడం చూచినవారికి ఈ అమరిక సులభంగా బోధపడుతుంది. వాయుగోణులు మనిషికి 30 నుండి 50 కోట్ల వరకు ఉంటాయి. వాటన్నింటిని విప్పి నేల మీద పరచగలిగితే దాదాపు 70 చదరపు మీటర్లు, అనగా 750 చదరపు అడుగులు ఆక్రమిస్తాయి. మా ఆరుగురు కుటుంబ సభ్యులము నివసించిన క్వార్టరు అంత లేదు! ఈ బుడగల గోడకు, దాని నానుకొని ఉన్న కేశనాళికకు నడుమ దూరం ఒక మిల్లీమీటరులో వెయ్యవ వంతు కంటె తక్కువ. ఆ పలుచని తెర గుండా ప్రాణవాయువు రక్తంలోనికి, బొగ్గుపులుసు వాయువు గాలిలోనికి మారుతాయి. ఎర్ర రక్తకణం అక్కడ నిలిచేది సెకనులో ముప్పాతిక వంతు మాత్రమే. అందులోను మొదటి మూడవ వంతులోనే దాని పని పూర్తి అవుతుంది.

ఇక్కడ చిన్న లెక్క ఒకటి చెప్పక తప్పదు. విశ్రాంతిలో ఒక్కొక్క శ్వాసకు సుమారు 500 మిల్లీలీటర్ల గాలి పీలుస్తాము. అందులో 150 మిల్లీలీటర్లు నాళాలలోనే నిలిచి, వాయుగోణులను చేరకుండానే తిరిగి వెళ్ళిపోతుంది. నిమిషానికి 12 శ్వాసల చొప్పున 6 లీటర్లు పీల్చిన వ్యక్తికి, ఈ తరుగు పోను, 4 లీటర్ల 200 మిల్లీలీటర్లు పనికివస్తుంది. అదే 6 లీటర్లను 24 పైపై శ్వాసలుగా, శ్వాసకు 250 మిల్లీలీటర్ల చొప్పున పీల్చినచో మిగిలేది 2 లీటర్ల 400 మాత్రమే. గాలి సమానమే, ఫలితం దాదాపు సగం. నెమ్మదిగా, నిండుగా ఊపిరి తీయమని పెద్దలు చెప్పిన మాటకు ఈ లెక్క చక్కని ఆధారం. అయితే ప్రాణాయామం వలన రక్తంలో ప్రాణవాయువు రెట్టింపు అవుతుందని కొందరు చెప్పేది మాత్రం సరికాదు. ఆరోగ్యవంతుని రక్తం మామూలు శ్వాసతోనే నూటికి 95 పాళ్ళకు మించి నిండి ఉంటుంది. నిండిన కుండలో ఇంకా ఎంత పోయగలము? దాని మేలు మనసు నెమ్మదించుటలోను, శ్వాస మీద అదుపు కలుగుటలోను ఉన్నది.

ఇక మా తండ్రిగారి సంగతి. ఖరగ్‌పూర్ స్టేషను ప్లాట్‌ఫారము పొడవు 1072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ ప్లాట్‌ఫారము వచ్చేవరకు ప్రపంచంలోకెల్ల పొడవైనదిగా పేరు పొందినది అదే. స్వగ్రామం వెళ్ళే చుట్టాలను సాగనంపడానికి మా తండ్రిగారు వారి పెట్టె ఎంత దూరాన ఉన్నా సామాను భుజాన వేసుకుని చివరి దాకా నడిచేవారు. ఒక ఏడు వంతెన దిగగానే పుస్తకాల దుకాణం వద్ద ఆగిపోయారు. "నువ్వెళ్ళి ఎక్కించి రారా, నేనిక్కడ కూర్చుంటాను. మోకాలు లాగుతోంది" అన్నారు. మేము నమ్మినాము. మరుసటి ఏడు గోల్‌బజారుకు నడచి వెళ్ళడం మానినారు. ఆ పై ఏడు కొళాయి నుండి నీళ్ళు మోయడం మా అన్నగారి వంతయినది. ఆయన ఆయాసపడడం మాలో ఎవ్వరమూ చూడలేదు. ఆయాసం రాకుండా ఉండేంత మేరకు తన జీవితాన్ని కుదించుకుంటూ వచ్చారన్నది మాకు తట్టలేదు. బహుశా ఆయనకు కూడ తట్టియుండదు. చివరకు ఊదుడు పరీక్ష చేయించినప్పుడు, ఒక సెకనులో ఆయన వెలుపలికి ఊదగలిగిన గాలి ఆ వయసువారు ఊదవలసిన దానిలో సగం కంటె తక్కువ అని తేలింది.

సగం పోయేవరకు ఎట్లు తెలియలేదు అని నేను ఆనాడు వైద్యుని అడిగాను. పైన చెప్పిన లెక్కలలోనే దానికి సమాధానం ఉన్నది. ప్రకృతి మనకు అవసరానికి మించి ఎన్నో రెట్లు గాలి గదులను ఇచ్చింది. ఒక ఊపిరితిత్తి తొలగించినవారు కూడ మామూలు పనులు చేసుకోగలుగుతున్నారు. ఆ నిలువ ఉన్నంత కాలం నష్టం బయటపడదు. పొగ వలన వాయుగోణుల గోడలు కరిగి, తిత్తి బిగువు సడలి, పీల్చిన గాలి వెలుపలికి పోక లోపలనే చిక్కుకుపోతుంది. వచ్చిన బండి కదలక పట్టా ఆక్రమించినప్పుడు వెనుక బండికి దారి ఉండదు కదా.

"ఈ వయసులో మానితే ఏమి లాభం?" అని మా తండ్రిగారు అడిగారు. మన పాఠకులలోను ఈ ప్రశ్న అడిగేవారు చాలమంది ఉన్నారు. లండనులో ఉద్యోగం చేసుకునే పురుషులను సుమారు ఎనిమిదేళ్ళు పరిశీలించి, ఫ్లెచర్, పీటో అను పరిశోధకులు 1977లో దీనికి జవాబు ప్రకటించారు. వయసు మీద పడేకొద్దీ అందరికీ ఊపిరి సామర్థ్యం కొద్దికొద్దిగా తరుగుతుంది. పొగ పడనివారిలో పొగత్రాగేవారికి ఆ తరుగుదల వేగం రెట్టింపు, అంతకు మించి కూడ ఉంటుంది. మానివేసినచో పోయినది తిరిగిరాదు గాని, తరుగుదల వేగం పొగత్రాగని వారితో ఇంచుమించు సమానమవుతుంది. ఎంత వయసులో మానినా ఆ మేరకు మిగులుతుంది. మా తండ్రిగారు ఆ రోజే బీడీకట్ట పారవేయలేదు, మూడు నెలలు పట్టింది. ఆ తరువాత తొమ్మిదేళ్ళు జీవించారు. చివరి ఏడాది తప్ప, తన పనులు తాను చేసుకున్నారు.

కనుక నలభై దాటిన ప్రతి పొగరాయుడూ, దుమ్ములో, వెల్డింగు పొగలో, ఇసుక అచ్చుల వద్ద పనిచేసే ప్రతి కార్మికుడూ ఊదుడు పరీక్ష ఒకసారి చేయించుకోవాలి. ఎక్స్‌రేలో తొలిదశ నష్టం కానరాకపోవచ్చు. ఇంటిలోని వారు గమనించవలసినది ఆయాసాన్ని కాదు, ఏయే పనులు మానుకుంటున్నారన్న దానిని.

ఇప్పుడు ఉత్తరాలలోని ఇతర ప్రశ్నలు.

ఊపిరి బిగపట్టినప్పుడు కొంతసేపటికి తాళలేకపోవడానికి ప్రాణవాయువు అయిపోవడం కారణమా అని ఒక విద్యార్థిని అడిగింది. కాదమ్మా. లోపల బొగ్గుపులుసు వాయువు పేరుకోవడమే ముఖ్య కారణం. ఈ సంగతిని 1905లో హాల్డేన్, ప్రీస్ట్‌లీ అను శాస్త్రజ్ఞులు నిరూపించారు. చెరువులలో ఈదే పిల్లలకు దీనిని తప్పక చెప్పాలి. మునిగే ముందు గబగబా ఊపిరులు తీసినచో ఈ వాయువు తగ్గిపోయి, హెచ్చరిక గంట మోగకుండానే నీటి అడుగున స్పృహ తప్పవచ్చు.

ఎక్కిళ్ళు వస్తే ఎవరో తలచుకుంటున్నారనుకోవడం మన ఆచారం. ఉదరవితానం ఉలిక్కిపడడమే దానికి మూలం. రెండు రోజులు దాటినచో తలచుకునేవారిని కాక వైద్యుని వెదకవలెను.

రాత్రివేళ తెరలు తెరలుగా దగ్గు, పిల్లికూతలు వస్తున్నవనీ, రక్తపరీక్షలో ఈసినోఫీలియా అన్నారనీ ఒక సోదరి వ్రాశారు. ఈ మాట తెలుగిళ్ళలో మిక్కిలి ప్రచారంలో ఉన్నది. దీని చరిత్రలో తెలుగువారికి రెండు విధాల సంబంధమున్నది. 1940లో మదనపల్లె చేరువనున్న ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయానికి చెందిన ఫ్రిమట్ మోలర్, బార్టన్ అను వైద్యులు క్షయను పోలి క్షయ కాని ఒక వ్యాధిని వర్ణించారు. 1943లో దానికి ఉష్ణమండల ఈసినోఫీలియా అని పేరు వచ్చింది. బోదకాలు కలిగించే ఫైలేరియా క్రిముల పట్ల శరీరం తీవ్రంగా స్పందించుట దానికి కారణమని తరువాత తెలిసింది. దానికి వాడే డైఇథైల్ కార్బమజీన్ అను మందు భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వంలో అమెరికాలో 1947 ప్రాంతంలో వెలువడినది. అయితే రక్తంలో ఆ కణాలు కొద్దిగా పెరిగినంత మాత్రాన ఈ వ్యాధి అనుకోరాదు. ఆస్తమా, ఎలర్జీ, కడుపులో పురుగులు ఉన్నప్పుడు కూడ అవి పెరుగుతాయి. ప్రక్కింటివారి చీటీ చూచి మాత్రలు కొనడం మానండి.

ఇన్‌హేలరుకు అలవాటు పడిపోతామన్న భయం అనేకుల ఉత్తరాలలో కనిపించింది. కళ్ళజోడుకు అలవాటు పడ్డామని ఎవరైనా బెంగపెట్టుకుంటారా? పీల్చే మందు నేరుగా నాళాలను చేరుతుంది గనుక మాత్రలో కంటె ఎంతో తక్కువ మోతాదు సరిపోతుంది. ఆయాసం లేని రోజులలో కూడ వాడవలసిన మందును లేదని మానివేయడం వలననే పలువురు అర్ధరాత్రి ఆసుపత్రి పాలవుతున్నారు. మృగశిర కార్తెకు హైదరాబాదు వెళ్ళి చేపమందు వేయించుకునేవారి విశ్వాసాన్ని నేను ప్రశ్నించబోను. ఇన్‌హేలరు మాత్రం జేబులోనే ఉండాలి.

చలికి తలుపులు మూసి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకోవచ్చునా అన్న ప్రశ్నకు ఒకటే మాట: వలదు. గాలి చాలక మండే బొగ్గు నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. ప్రాణవాయువు కంటె అది రక్తాన్ని రెండువందల రెట్లకు మించిన గట్టిదనంతో పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మగత, ఆపై మరణం. 2021లో ఇంటింటికి వచ్చిన వేలి ఆక్సీమీటరు ఈ విషవాయువును గుర్తించజాలదు. అంకె బాగానే చూపుతుంది. అట్టి స్థితిలో ఎవరైనా కనిపిస్తే ముందు తలుపులు బార్లా తీసి, వారిని వెలుపలికి చేర్చి, ఆసుపత్రికి తరలించండి.

రెండు వారాలు మించిన దగ్గుకు కళ్ళె పరీక్ష చేయించాలని వేరుగా చెప్పనక్కరలేదనుకుంటాను.

గురకను గురించి వచ్చిన ఉత్తరాలు ఒక కట్ట అయినవి. వాటిలో ముప్పాతిక భాగం గురక పెట్టేవారు వ్రాసినవి కావు, ప్రక్కన పడుకునేవారు వ్రాసినవి. వాటికి వచ్చే సంచికలో సమాధానాలు వ్రాస్తాను.